తిరుపతా, చిత్తూరా?

పుట్టి పెరిగింది చిత్తూరులో, కాపురం తిరుపతిలో. మధ్య దూరం 70 కిలోమీటర్లే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు వేరయ్యాయి గానీ నాకింకా రెండూ ఒకటే.

తిరుపతిలో నాకు ప్రాణం, తెల్లారగానే వాకిట్లోంచి కనిపించే శేషాచలం కొండలు. గట్టి వాన పడ్డాక కపిలతీర్థంలో కొండ మీంచి దూకే నీళ్లు చూస్తే ఎంత అలసటైనా పోతుంది. చదువుకు 1954 నుంచి ఉన్న వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, వైద్యానికి స్విమ్స్ ఆసుపత్రి. మే నెలలో గంగజాతర వస్తే, వేషాలు కట్టిన జనంతో ఊరు మళ్లీ ఊరివాళ్లదవుతుంది. మిగతా రోజులన్నీ యాత్రికులవే. బ్రహ్మోత్సవాలప్పుడు బస్టాండు దాటేసరికే ప్రాణం విసుగెత్తిపోతుంది. అద్దెలు మోయలేం. 2021 నవంబరు వానలకు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మబ్బు పట్టిందంటే ఇప్పటికీ గుండె గుబులే.

చిత్తూరులో ఆ హడావిడి లేదు. మామిడి కాలంలో తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరతాయి. పక్కింటక్క సగం తమిళం, సగం తెలుగు కలిపి పలకరిస్తుంది. కాణిపాకం దగ్గరే. కానీ పెద్ద జబ్బు చేస్తే వేలూరుకో తిరుపతికో పరుగెత్తాలి. చదువుకున్న పిల్లలకు పని దొరకదు. మా తమ్ముడు అందుకే బెంగళూరు వెళ్లిపోయాడు.

అయినా వయసు మళ్లాక ఎక్కడుంటావంటే చిత్తూరే అంటాను. అమ్మ నాటిన మామిడి చెట్టు ఇంకా కాస్తూనే ఉంది.