సోలార్ ట్రాకా, చెరువు గట్టా, వీధి ఫుట్‌పాతా? హైదరాబాద్‌లో ముందు ఏది అడిగితే మేలు?

నడిచేవాళ్ల కోసం, సైకిల్ తొక్కేవాళ్ల కోసం ఏదైనా చెయ్యండి అని అడిగితే హైదరాబాద్‌లో ఇప్పటిదాకా దొరికిన జవాబులు నాలుగు. ఊరి చివర పొడవాటి ట్రాక్, పార్కు చుట్టూనో చెరువు చుట్టూనో వాకింగ్ దారి, ఆదివారం ఒక పూట బండ్లు ఆపేసిన రోడ్డు, మామూలు రోడ్డు పక్కన ఫుట్‌పాత్. నాలుగూ కావాలనడంలో తప్పు లేదు. కానీ ఫ్లైఓవర్లకూ అండర్‌పాస్‌లకూ పోగా మిగిలే డబ్బు నాలుగింటికీ చాలదు. ముందు ఏది కావాలో మనం తేల్చుకోకపోతే ఫొటోల్లో బాగా కనిపించేదే ముందు వస్తుంది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సోలార్ సైకిల్ ట్రాక్‌తో మొదలుపెడదాం. 2023 అక్టోబర్ 1న తెరిచారు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, మొత్తం 23 కిలోమీటర్లు. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన కప్పుగా వేసిన సోలార్ ప్యానెళ్ల సామర్థ్యం 16 మెగావాట్లు. డబ్బు దండగ అని దీన్ని వెక్కిరించేవాళ్లు ఉన్నారు, నేను ఆ గుంపులో లేను. మే నెల ఎండలో హైదరాబాద్‌లో నీడ లేకుండా సైకిల్ తొక్కడం అయ్యే పని కాదు. ఆ నీడనిచ్చే కప్పే కరెంటు కూడా ఇస్తుందంటే మంచి ఆలోచనే. రాత్రి లైట్లుంటాయి, వెనక నుంచి లారీ హారన్ ఉండదు. ఆగకుండా దూరం తొక్కాలనుకునేవాళ్లకు నగరంలో ఇంతకన్నా మంచి చోటు లేదు.

చిక్కల్లా అక్కడిదాకా చేరడంలోనే ఉంది. ఆదివారం పొద్దున్నే నానక్‌రాంగూడ వైపు వెళ్తే కార్ల వెనక ర్యాకుల నుంచి సైకిళ్లు దించుతూ, విప్పిన ముందు చక్రం మళ్లీ బిగించుకుంటూ జనం కనిపిస్తారు. ఎల్బీ నగర్ నుంచో కూకట్‌పల్లి నుంచో సైకిల్ మీదే అక్కడికి రావాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. సైకిల్ తొక్కడానికి ముందు కారు ఉండాలన్నమాట! పోనీ ట్రాక్ దగ్గర్లోనే ఇల్లున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సంగతి చూద్దాం. ట్రాక్ మీద హాయిగానే వస్తాడు. అక్కడి నుంచి ఆఫీసు గేటు దాకా ఉన్న కాస్త దూరంలో క్యాబ్‌ల మధ్య, వాటర్ ట్యాంకర్ల మధ్య దూరాల్సిందే. ఆ కాస్త దూరం తలుచుకునే సైకిల్ ఇంట్లో వదిలేసి స్కూటర్ తీస్తాడు. కాబట్టి ట్రాక్‌ను ఇంకో ఇరవై కిలోమీటర్లు పొడిగించమని అడిగేకన్నా, ఉన్న ట్రాక్ నుంచి ఆఫీసుల దాకా, అపార్ట్‌మెంట్ల దాకా చిన్న చిన్న లింకులు వెయ్యమని అడగడం తెలివైన పని.

ఇక పార్కులు, చెరువులు. కేబీఆర్ పార్కు సుమారు 390 ఎకరాల అడవి, అదీ బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ నడుమ. షుగర్ ఉన్నవాళ్లకు, రిటైరైనవాళ్లకు ఇది వరమే. చుట్టూ నాలుగు మొహాలు కనిపిస్తాయి కాబట్టి ఆడవాళ్లు టెన్షన్ లేకుండా నడవగలరు. పొడవాటి ఖాళీ ట్రాక్ మీద చీకటి పడ్డాక ఆ ధీమా దొరకదు. కానీ లోపలికి వెళ్లాలంటే టికెట్టు, వేళలు ఉన్నాయి. పైగా నడకకు వచ్చేవాళ్ల కార్లు ఎంతగా పెరిగాయంటే, గేటు దగ్గర వాటికోసం మల్టీలెవెల్ పార్కింగ్ కట్టాల్సి వచ్చింది. దుర్గం చెరువు చుట్టూ ఉన్న దారిదీ ఇంచుమించు ఇదే కథ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఒక చుట్టు చుట్టి బయల్దేరిన చోటికే వస్తాం. ఒంటికి మంచిదే, దానివల్ల రోడ్డు మీద ఒక్క బండి మాత్రం తగ్గదు.

అయితే చెరువుల దగ్గర ఒక అవకాశం ఉంది. రూల్స్ ప్రకారం పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టకుండా ఖాళీగా వదలాలి. నీళ్లు పారే కాలువలకు, అంటే నాలాలకూ బఫర్ ఉంది. మన చెరువులన్నీ ఒకప్పుడు గొలుసుకట్టుగా ఒకదాని అలుగు ఇంకోదానిలోకి పారేలా తవ్వినవి. ఆ వరుసలోనే నాలా గట్ల మీద దారి వేస్తే కాలనీ నుంచి కాలనీకి మెయిన్ రోడ్డు ఎక్కకుండా వెళ్లొచ్చు. ప్రస్తుతం ఆ గట్ల మీద ముక్కు మూసుకోకుండా ఎవరు నడుస్తారంటారా? నిజమే. ముందు మురుగు నీరు శుద్ధి కావాలి, ఆక్రమణలు పోవాలి. ఇది పదేళ్ల పని. ఇప్పటికిప్పుడు మొదటి రూపాయి ఇక్కడ పెట్టమని నేననను, జాగా మాత్రం ఇప్పుడే కాపాడుకోవాలి.

ఆదివారం రోడ్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి జనానికి వదిలినప్పుడు పిల్లలతో ఎంత కళకళలాడిందో చూసినవాళ్లకు గుర్తుంటుంది. ఖర్చల్లా బారికేడ్లు, పోలీసుల డ్యూటీ. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఇలా రోడ్లు మూస్తూనే ఉన్నారు. ఇక్కడా చెయ్యొచ్చు, చెయ్యాలి. సోమవారం పొద్దున బడికి పోయే పిల్లకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

చివరికి మిగిలింది ఫుట్‌పాత్. ఎవరూ రిబ్బన్ కత్తిరించని ఐటమ్ ఇది. ఏ మెట్రో స్టేషన్ మెట్లయినా దిగి అర కిలోమీటరు నడిచి చూడండి. మొదట ఆటోలు. వాటిని దాటగానే అడుగు ఎత్తున్న అంచు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ దాన్ని ఎక్కలేక కిందే నడుస్తుంది. ఎక్కినవాళ్లకు పది అడుగుల్లో కంచె కట్టిన ట్రాన్స్‌ఫార్మర్. ఆ తర్వాత కేబుల్ కోసం తవ్వి పైపైన మట్టి కప్పి వదిలేసిన చోట పలకలు ఊగుతుంటాయి, వానాకాలంలో కాలు పెడితే కింది బురద ప్యాంటు మీదికి చిమ్ముతుంది. షోరూం ముందు సెల్లార్‌లోకి దిగే ర్యాంప్. బైకులు ఎక్కకుండా పాతిన ఇనుప గుంజలు, వాటి సందులోంచి వీల్‌చెయిర్ కూడా పట్టదు. వీటన్నిటితో కుస్తీ ఎందుకని జనం రోడ్డు మీదే నడుస్తారు. నియమాలు లేక కాదు. పాదచారుల సదుపాయాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణాలు, ఐఆర్‌సీ 103 ప్రకారం అడ్డంకులు పోను కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా నడవదగ్గ ఫుట్‌పాత్ ఉండడం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన పాదచారులు 32,825 మంది, సైకిలిస్టులు 4,836 మంది.

తప్పంతా బండి మీద ఇడ్లీలు, మిర్చీ బజ్జీలు అమ్మేవాళ్ల మీద తోసేస్తే సరిపోదు. రాత్రి తొమ్మిదింటికి ఫుట్‌పాత్ మీద దీపం వెలిగేది ఆ బండి దగ్గరే, ఒంటరిగా నడిచే అమ్మాయికి అదే ధైర్యం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు చూపించమనే చెబుతోంది. ఆ చోటును ముందే గీసి, నడిచేందుకు 1.8 మీటర్లు వదిలితే ఇద్దరికీ కుదురుతుంది.

ఫుట్‌పాత్ బాగున్నా రోడ్డు దాటే దారి లేకపోతే ఫలితం సగమే. సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టిన జంక్షన్లలో బండ్లకు ఆగే అవసరమే లేదు, మరి మనిషి ఎప్పుడు దాటాలి? ఉప్పల్ రింగ్ రోడ్డు లాంటి పెద్ద కూడలికి 2023లో కట్టిన స్కైవాక్ సబబే, అక్కడ లిఫ్టులున్నాయి, మెట్రోతో కలుస్తుంది. ప్రతిచోటా అదే మందు అంటే ఒప్పుకోలేం. బండ్లు కింద తిన్నగా పోవడానికి మనుషులను మెట్లెక్కించడమే అవుతుంది, సైకిలిస్టు మాట ఎటూ పోయింది.

డబ్బు విషయంలో పక్క ఊళ్లను చూస్తే రెండు సంగతులు పనికొస్తాయి. చెన్నై కార్పొరేషన్ 2014లోనే ఒక విధానం తెచ్చి, రవాణా పనుల బడ్జెట్‌లో 60 శాతం నడకకూ సైకిల్‌కూ పెట్టాలని రాసుకుంది. ఆ శాతం సంగతి పక్కన పెట్టినా, విడిగా ఒక పద్దు ఉంటే ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చుపెట్టారు అని అడగడానికి వీలుంటుంది. ఇక బెంగళూరులో టెండర్‌ష్యూర్ అనే పద్ధతిలో వేసిన రోడ్లు. కేబుళ్లు, పైపులు ముందే డక్టుల్లోకి, అంటే నేల కింద వాటికోసం కట్టిన దారుల్లోకి దించి పైన వెడల్పాటి ఫుట్‌పాత్ వేశారు. మొదట్లో ఖర్చు ఎక్కువే. కానీ మన దగ్గర ఫుట్‌పాత్‌లు చచ్చేది వేసినప్పుడు కాదు, ఆ తర్వాత తవ్వినప్పుడు. డక్టు లేకుండా పలకలు పరిస్తే ఆ డబ్బు మట్టిపాలే.

అందుకే నా వరస ఇది. మెట్రో స్టేషన్లు, బడుల చుట్టూ కిలోమీటరు మేర డక్టులతో ఫుట్‌పాత్‌లు, దాటడానికి పెలికాన్ సిగ్నళ్లు, అంటే నడిచేవాళ్లు బటన్ నొక్కితే బండ్లను ఆపే సిగ్నళ్లు మొదట. ఔటర్ ట్రాక్‌కు లింకులు ఆ తర్వాత. నాలా గట్లు మూడోది. ఆదివారం రోడ్లు వీటితోపాటే నడుస్తాయి, వాటికి వరస అక్కర్లేదు. రేసులకు తయారయ్యేవాళ్లకు ఈ వరస నచ్చకపోవచ్చు, వాళ్లకు ఔటర్ ట్రాకే మొదటిది, అర్థం చేసుకోగలను.

వార్డు ఆఫీసుకు వెళ్లేటప్పుడు "మా ఏరియాలో ఫుట్‌పాత్ వెయ్యండి" అని రాస్తే ఆ కాగితం ఏ ఫైల్లో పడుతుందో తెలీదు. ఫలానా స్టేషన్ గేటు నుంచి ఫలానా బస్‌స్టాప్ దాకా, ఎడమ పక్క, ఇన్ని మీటర్లు, 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి, మధ్యలో వచ్చే ప్రతి గల్లీ దగ్గర ఎక్కిదిగే పని లేకుండా రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపాలి, మూడేళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టర్‌దే అని రాయండి. టేపు పెట్టి కొలిచిన ఫొటోలు జతచెయ్యండి. పైన కాలనీ అసోసియేషన్ లెటర్‌హెడ్ ఉంటే ఇంకా నయం, అప్లికేషన్ నంబరు అడిగి తీసుకోవడం మర్చిపోవద్దు.