ప్రకాశం బజార్ పక్క గల్లీలో సింగిల్ బెడ్రూం: నడక బాగుంది, మీటరే బాగాలేదు

నాకు బండి నడపడం రాదు. అందుకే ఈ ఇల్లంటే ఇంత ఇష్టం. నల్లగొండలో గడియారం సెంటర్, రామగిరి, ప్రకాశం బజార్ చుట్టుపక్కల ఎక్కడ కిరాయికి దిగినా సగం పనులు కాలినడకనే అయిపోతాయి. ఆఫీసు నుంచి వస్తూ ఆ పూటకు కావలసిన కూరగాయలు మాత్రం తెచ్చుకుంటాను. రాత్రి తొమ్మిదిన్నరకు మందుల షాపుకు ఒక్కదాన్నే వెళ్లొస్తాను, దారి పొడుగునా లైట్లుంటాయి, మనుషులుంటారు. శనివారం బ్యాగు భుజానేసుకుని బస్టాండుకు నడిచిపోతే, ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యాన ఊరికి రూపాయి ఖర్చు లేకుండా చేరతాను. ఇదే కిరాయికి ఊరి చివర కొత్త కాలనీల్లో రెండు బెడ్రూంలు వస్తాయని తెలిసినా కదలలేదు.

నల్లగొండ అనగానే అందరూ నీళ్ల గురించే అడుగుతారు. నల్లాకు కృష్ణా నీళ్లే వస్తున్నాయి, తాగడానికి క్యాన్ తెచ్చుకుంటాను. అంతకంటే చెప్పడానికేం లేదు.

చెప్పాల్సింది కరెంటు గురించి. మూడు పోర్షన్లకు కలిపి బయట ఒకటే మీటర్. లోపల మాకు సబ్ మీటర్లు. ఓనర్ యూనిట్‌కు పది రూపాయల చొప్పున లెక్కగట్టి తీసుకుంటాడు. చలికాలంలో దిగాను కాబట్టి మొదట్లో బాధ తెలియలేదు. ఎండలు ముదిరి కూలర్ తిరగడం మొదలయ్యాక బిల్లు గుండె మీదికొచ్చింది. కూలర్‌దే తప్పనుకుని రాత్రిపూట ఆపేసి పడుకున్న రోజులూ ఉన్నాయి.

దసరాకు ఊరికి వెళ్తూ ఫ్రిజ్ ఖాళీ చేసి, స్విచ్చులన్నీ ఆపి, సబ్ మీటర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. తిరిగొచ్చి చూస్తే అంకెలు మారి ఉన్నాయి. ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగనప్పుడు మీటర్ ఎట్లా తిరుగుతుంది? తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే ఐదు నిమిషాల్లో తేల్చాడు. సంపులోంచి పైట్యాంకుకు నీళ్లెక్కించే మోటర్ వైరు నా సబ్ మీటర్ తర్వాత కలిపి ఉంది. మూడిళ్ల స్నానాలు, బట్టలుతుకుడు, ఓనర్ వాళ్ల మొక్కలకు నీళ్లు, అన్నీ నా లెక్కలోనే పోతున్నాయి. ఓనర్ అంకుల్‌ను అడిగితే ఏమాత్రం తడబడలేదు. “మొదట్నుంచి గట్లనే ఉందమ్మా, ముందున్నోళ్లు ఎన్నడు అడగలే” అన్నాడు. వైరు మార్పించాడు, అది నిజం. పోయిన డబ్బుల మాట ఎత్తితే మాత్రం వినబడనట్టే ఉండిపోయాడు.

మోటర్ సంగతి తేలినా ఒకే మీటర్ బాధ అట్లనే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఇళ్ల రేట్లతో నేనే లెక్కేసుకున్నాను. ఒక ఇంట్లో 150 యూనిట్లు కాలితే మొదటి వందకు 3.40 చొప్పున, మిగతా యాభైకి 4.80 చొప్పున మొత్తం 580 రూపాయలు. వేర్వేరు మీటర్లుంటే మూడిళ్లకు 1,740. అదే 450 యూనిట్లు ఒక్క మీటర్ మీద కాలితే యూనిట్ రేటు ఎక్కువుండే పై శ్లాబుల్లోకి ఎక్కి 3,165 అవుతుంది. మిగతా చార్జీలు ఇందులో కలపలేదు. పైగా తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితమిచ్చే గృహజ్యోతి పథకం ఉంది, కానీ మా మీటర్ 200 దాటింది కాబట్టి ఆ జీరో బిల్లు ఎవరికీ రాదు. నా పేరున్న రేషన్ కార్డు ఊళ్లో అమ్మ ఇంటి మీటర్‌కు లింకైంది, కాబట్టి నాకెలాగూ వచ్చేది కాదు. అసలు నష్టం కింది పోర్షన్ వాళ్లది. తెల్లకార్డుంది, కరెంటు తక్కువే వాడతారు, కిరాయిదారులకూ ఆ పథకం వర్తిస్తుంది, అయినా నెలనెలా యూనిట్‌కు పది కడుతున్నారు. వేరే మీటర్ అడిగితే ఇల్లే రాసిమ్మన్నట్టు భయపడతాడు మా ఓనర్. మీటర్ ఆయన పేరు మీదే పెట్టించమంటున్నామని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

నడక బాగుందన్నాను గానీ, ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక ఆ మాట చెల్లదు. ఫుట్‌పాత్ అనేది దాదాపు లేదు, బండ్లను తప్పించుకుంటూ మోరీ అంచున నడవాలి. వినాయక చవితి రోజుల్లో డీజేల మోతకు కిటికీలు మూసినా నిద్ర ఉండదు. రెండో అంతస్తు కావడంతో మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఒకసారి పైకెక్కితే మళ్లీ ఊరికి పోయేరోజే కిందికి దిగుతుంది.

టౌన్‌లోనే పని ఉండి, నాలాగా ఒక్కరే ఉండేవాళ్లయితే ఈ ఏరియాలో ధైర్యంగా చూసుకోవచ్చు. అన్నెపర్తిలో యూనివర్సిటీకి రోజూ పోయేవాళ్లకు నేను చెప్పను. ఎవరైనా సరే, అడ్వాన్స్ చేతిలో పెట్టేముందు మీటర్ బోర్డు దగ్గర నిలబడి మోటర్ ఒకసారి వేయించి చూడండి.

ఈసారి అగ్రిమెంట్‌లో కిరాయి పెంచుతానంటున్నాడు అంకుల్. వేరే మీటర్ పెట్టిస్తే పెంచిన కిరాయి ఇస్తానని నేనూ, కింది వాళ్లూ కలిసి చెప్పాం. “మా అబ్బాయిని అడిగి చెప్త” అన్నాడు, ఇంకా చెప్పలేదు.