అమలాపురం ల్యాబ్, మందుల షాపు: కిడ్నీ పరీక్షా, మందు మోతాదు లెక్కా

అమలాపురం గడియార స్తంభం సెంటరుకు దగ్గరలో ల్యాబు, మందుల షాపు ఒకే ఆవరణలో నడిచే ఈ చోటికి, షుగరు, బీపీ మందులు వాడే పెద్దవాళ్లను నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. అయితే రిపోర్టులో ఒక లోటును మాత్రం వారు వెంటనే సరిదిద్దుకోవాలి.

78 ఏళ్ల మా అమ్మగారు అరికాళ్ల మంటలకు ప్రీగాబాలిన్ 75 మిల్లీగ్రాములు రెండు పూటలా వాడుతున్నారు. పట్టపగలు మగత, లేస్తే తూలు మొదలయ్యేసరికి డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. సాయంత్రానికి వచ్చిన రిపోర్టులో క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చి, కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) 1.1, దాని కిందే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత వేగపు అంచనా) 51, అది క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవాటిని బట్టి కట్టే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంతో వేసిన లెక్క అన్న వివరం కూడా ఉన్నాయి. క్రియాటినిన్ ఒక్కటి వేసి ఊరుకోకుండా ఇంత వివరంగా ఇవ్వడం మెచ్చుకోవలసిన సంగతి.

అసలు మేలు మందుల షాపులో జరిగింది. ఫార్మసిస్టుగారు మందు తీసే ముందు రిపోర్టు అడిగి, అమ్మగారిని బరువు చూసుకోమన్నారు. 42 కిలోలు. 140లోంచి వయసు తీసేయగా మిగిలిన 62ను బరువుతో హెచ్చించి, 72ను క్రియాటినిన్‌తో హెచ్చించగా వచ్చిన దానితో భాగించి, ఆడవారు కాబట్టి 0.85తో మరోసారి హెచ్చిస్తే, కిడ్నీల వడపోత నిమిషానికి 28 మిల్లీలీటర్లని తేలింది. ఇది 1976 నాటి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం. కిడ్నీల పనితీరును బట్టి ప్రీగాబాలిన్ ఎంత వాడాలో చెప్పే పట్టికకు ఆధారం ఇదే. రిపోర్టులోని 51 అన్నది ఒంటి ఉపరితలం 1.73 చదరపు మీటర్లు ఉన్న మనిషికి సరిచేసి చూపే అంకె కనుక, అమ్మగారిలాంటి బక్కపలచని మనిషికి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కండ కరిగిన వయసులో క్రియాటినిన్ తయారీయే తక్కువ కాబట్టి, 1.1 చూసి ధైర్యపడడానికీ లేదు. ఆ పట్టిక ప్రకారం రోజుకు 150 మిల్లీగ్రాములు వాడేవారికి లెక్క 30 నుంచి 60 మధ్య ఉంటే 75, 15 నుంచి 30 మధ్య ఉంటే 25 నుంచి 50 చాలు. ఫార్మసిస్టుగారు సొంతంగా ఏదీ మార్చలేదు. లెక్కంతా చీటీ మీద రాసి డాక్టరుగారికి ఫోను చేశారు. ఆయన 25 చొప్పున రెండు పూటలకు తగ్గించాక అమ్మగారి తూలు పోయింది, పగటి మగత కూడా బాగా తగ్గింది.

లోటల్లా ల్యాబువారు బరువు అడగకపోవడమే. నెత్తురు తీసే గదికి నాలుగడుగుల దూరంలో తూకం యంత్రం ఉండగా, రిపోర్టులో బరువుకు ఒక గడి, దాని పక్కన ఈ రెండో లెక్క చేర్చడం ఎంతసేపు? అలాగని ఈజీఎఫ్‌ఆర్ తీసేయమని నా ఉద్దేశం కాదు. షుగరు మందు మెట్‌ఫార్మిన్‌ను ఈజీఎఫ్‌ఆర్ 45 లోపు ఉంటే తగ్గించాలా, 30 లోపు ఆపాలా అన్నది ఆ అంకెను బట్టే చూస్తారు. రెండూ ఉండాలి. వాంతులు, విరేచనాలతో నీరసించి క్రియాటినిన్ పూటపూటకూ మారుతున్నప్పుడు ఈ రెండు సూత్రాలూ నమ్మదగినవి కావన్న హెచ్చరికను కూడా రిపోర్టు అడుగున ముద్రించాలని కౌంటరులో రాసిచ్చి వచ్చాను.