రాస్ప్‌బెర్రీ పైలో భాష, ప్రాంతం సెట్టింగులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

రాస్ప్‌బెర్రీ పై ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రూపుదిద్దుకున్న చిన్న కంప్యూటర్ బోర్డు కాబట్టి, దాని సిస్టమ్‌ను ఏ మార్పూ చేయకుండా వాడితే భాష బ్రిటిష్ ఇంగ్లీషుగా, కీబోర్డు బ్రిటిష్ లేఅవుట్‌గా ఉంటాయి. మన బజారులో దొరికేవి దాదాపు అన్నీ అమెరికన్ లేఅవుట్ కీబోర్డులే. అందుకే అట్ గుర్తు (@) కోసం షిఫ్టుతో 2 నొక్కితే కొటేషన్ గుర్తు పడుతుంది, హ్యాష్ (#) కోసం 3 నొక్కితే పౌండు గుర్తు వస్తుంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో నిత్యం అవసరమయ్యే పైప్ గుర్తుకు (|) బ్రిటిష్ కీబోర్డులో ఎడమ షిఫ్టు పక్కన ఒక మీట ఉంటుంది. మన కీబోర్డుల్లో అసలు ఆ మీటే లేదు. కనుక సిస్టమ్ ఎక్కించిన కొత్త మెమరీ కార్డుతో బోర్డు ఆన్ చేసిన వెంటనే, పాస్‌వర్డు పెట్టడానికి ముందే, లేఅవుట్ మార్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. పాత లేఅవుట్‌లో పెట్టిన పాస్‌వర్డులో అట్ గుర్తు ఉంటే, లేఅవుట్ మారాక అవే మీటలు నొక్కినా లాగిన్ కాదు. టైపు చేసేది తెరపై కనిపించదు గనుక కారణం కూడా తట్టదు.

ఈ మార్పులన్నీ రాస్‌పై-కాన్ఫిగ్ అనే సాధనంలోని లోకలైజేషన్ మెనూలో ఉంటాయి. టైమ్‌జోన్‌ను ఆసియా, కోల్‌కతాగా ఎంచుకుంటే పని అయిపోతుంది. వైఫై దేశాన్ని మాత్రం వాయిదా వేయకూడదు. ఏ ఛానెళ్లు వాడవచ్చన్నది ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉండడం వల్ల, దేశం చెప్పేవరకు కొత్త మోడళ్లలో వైఫై మూగగానే ఉంటుంది.

లొకేల్ అంటే సందేశాలు, తేదీలు, సంఖ్యలు ఏ భాషలో, ఏ దేశపు పద్ధతిలో కనిపించాలో చెప్పే సెట్టింగు. దాన్ని ఎంచుకునే తెర ఈ మెనూలో అన్నిటికంటే మొరటుగా ఉంటుంది. వందలాది పేర్ల జాబితాలో కావలసినదాన్ని స్పేస్ బార్‌తో గుర్తుపెట్టాలి. ఎంటర్ నొక్కితే ఏదీ ఎంపిక కాకుండానే తెర ముందుకు సాగిపోతుంది. బ్రిటిష్ ఇంగ్లీషు లొకేల్ పేరులోనే యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే సంకేత పద్ధతి) కలిసి ఉంటుంది గానీ, భారతీయ ఇంగ్లీషు, తెలుగు లొకేళ్ల పేర్లలో అది ఉండదు. అలవాటు కొద్దీ దాన్ని చేర్చి వెతికేవారికి అవి జాబితాలో లేవనిపిస్తుంది.

మొత్తం సిస్టమ్‌ను తెలుగులోకి మార్చడాన్ని నేను సిఫారసు చేయను. డెస్క్‌టాప్ లేని నల్లటి కన్సోల్ తెరకు ఒత్తులు, గుణింతాలు కూర్చే శక్తి లేదు. తెలుగు అక్షరాల స్థానంలో గళ్లు, ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. డెస్క్‌టాప్‌లో లోహిత్ లేదా నోటో ఫాంట్లు వేసుకుంటే తెలుగు చక్కగానే కనిపిస్తుంది, కానీ అనువాదాలు అరకొరగా ఉండి మెనూలు రెండు భాషల్లో కలగాపులగమవుతాయి. నాకు సరిపడిన ఏర్పాటు ఏమిటంటే, ప్రధాన భాషను భారతీయ ఇంగ్లీషుగా ఉంచి, తేదీలకు సంబంధించిన ఎల్‌సీ టైమ్ అనే సెట్టింగును మాత్రమే తెలుగుకు మార్చడం. అప్పుడు నెలల పేర్లు తెలుగులో వస్తాయి, భారతీయ ఇంగ్లీషు వల్ల సంఖ్యలు లక్షలు, కోట్ల లెక్కన విడివడతాయి, ఎర్రర్ సందేశాలు ఇంగ్లీషులోనే ఉంటాయి గనుక వాటిని యథాతథంగా నెట్‌లో వెతుక్కోవచ్చు. ఇలాంటి విడి సెట్టింగులన్నిటినీ తోసిరాజనే ఎల్‌సీ ఆల్‌ను శాశ్వతంగా పెట్టుకుంటే ఈ వెసులుబాటు పోతుంది.

మరొక కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్కు మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా రాస్ప్‌బెర్రీ పైలోకి వెళ్లేవారికి, లొకేల్ అమర్చడం కుదరలేదని పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష పదేపదే హెచ్చరించడం పరిచయమే. అవతలి యంత్రం తన భాషా సెట్టింగులను వెంట పంపడం, ఆ లొకేల్ పైలో తయారై లేకపోవడం దీనికి సాధారణ కారణం. దాన్ని కూడా జాబితాలో గుర్తుపెట్టి తయారు చేయిస్తే ఆ గొడవ ఆగిపోతుంది.