ఇంగ్లండు పల్లె షోకి ఎంట్రీ ఇవ్వాలా? ఏ విభాగానికి ఎంత విలువ

ఇంగ్లండు పల్లెల్లో వేసవి చివర ఏదో ఒక శనివారం విలేజ్ హాల్లోనో, మైదానంలో వేసిన డేరాలోనో పూలు, కూరగాయలు, జాములు, కేకులు, అల్లికలు పోటీకి పెట్టే షో జరుగుతుంది. ఎంట్రీ రుసుము క్లాసుకు, అంటే విభాగంలోని ఒక్కో పోటీకి, చాలాచోట్ల పౌండు లోపే. గెలిస్తే చేతికొచ్చేదీ చిల్లరే. కాబట్టి డబ్బు లెక్క పక్కన పెట్టి, ఎంట్రీ ఇచ్చినవాళ్లకు ఈ షో ఏమిస్తుందో చూడాలి. మా అంచనా ముందే చెప్పేస్తాం. కూరగాయలు, జామ్-చట్నీ విభాగాలకు కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. అక్కడ కొలతలు స్పష్టంగా ఉంటాయి, ఓడినా ఎందుకు ఓడామో తెలుస్తుంది. పూలలో కొలతలు తెలిసినవాళ్లకు న్యాయం జరుగుతుంది. హస్తకళల విభాగం మాత్రం ఆయా షోను బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల అది నిరాశే మిగులుస్తుంది.

అన్నిటికన్నా ముందు చేతికి రావలసింది షెడ్యూలు. క్లాసుల నంబర్లు, ప్రతి క్లాసులో ఎన్ని కాయలు పెట్టాలి, ఎంట్రీ ఫారం గడువు, ఉదయం బల్లల మీద సర్దడానికి ఇచ్చే సమయం, వస్తువులు తిరిగి తీసుకెళ్లే సమయం, అన్నీ అందులోనే ఉంటాయి. కార్డు మీద జడ్జి 'ఎన్.ఏ.ఎస్.' అని రాశారంటే షెడ్యూలు ప్రకారం లేదని, పోటీలోంచి తీసేశారని అర్థం. ఎంత మంచి పంటైనా ఇక అంతే. ఐదు టమాటాలు అడిగినచోట ఆరు పెట్టినా, నాలుగు పెట్టినా అదే గతి.

ఎక్కువమంది పొరపడేది రకాల దగ్గర. షెడ్యూలులో 'కైండ్' అంటే క్యారెట్, బీట్‌రూట్, బఠాణీలాగా వేర్వేరు కూరగాయలు. 'వెరైటీ' లేదా 'కల్టివార్' అంటే ఒకే కూరగాయలో వేర్వేరు విత్తన రకాలు. మూడు కైండ్లు అడిగితే మూడు రకాల బంగాళదుంపలు పెట్టడం కుదరదు. 'డిష్' అంటే ఒకే కూరగాయ, ఒకే వెరైటీ, షెడ్యూలు చెప్పినన్ని కాయలు. ఇంకొకటి, రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్కను వంటింట్లో పండులా వాడినా షో బల్ల మీద అది కూరగాయ. టమాటా కూడా అంతే. ఈ మాటల అర్థాలను ఒకటి రెండు పేజీల్లో విడమర్చి చెప్పే షెడ్యూళ్లు ఉన్నాయి. అలాంటి షో నిర్వాహకులు కొత్తవాళ్ల గురించి ఆలోచించారనే లెక్క. క్లాసుల పట్టిక తప్ప ఇంకేమీ లేని షెడ్యూలు వస్తే, ఫారం ఇచ్చేటప్పుడే కార్యదర్శిని అడిగి తేల్చుకోవాలి. షో ఉదయం అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.

ఇక కూరగాయలు. తీర్పుకు చాలా పల్లె షోలు బ్రిటన్ తోటపని సంఘమైన రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పద్ధతినే అనుసరిస్తాయి. పండించడం ఎంత కష్టమో దాన్ని బట్టి ఒక్కో కూరగాయకు గరిష్ఠ పాయింట్లు ఉంటాయి. బంగాళదుంపకు 20, పెద్ద ఉల్లికి 20, కోర్జెట్‌కు (జుకినీ) 12, ముల్లంగికి 10. ఒకే కూరగాయ పోటీలో దీనితో పనిలేదు. 'ఏదైనా ఇతర కూరగాయ' క్లాసులోనూ, కలగలుపు బుట్టల క్లాసులోనూ మాత్రం ఇదే తేలుస్తుంది. అక్కడ చక్కటి ముల్లంగి పెట్టి ఓ మోస్తరు బంగాళదుంప మీద గెలవాలంటే దాదాపు మచ్చలేనిదై ఉండాలి.

చాలామంది సైజు వెనక పడతారు. జడ్జి ముందు చూసేది కాయలన్నీ ఒక్కలా ఉన్నాయా అన్నది. నాలుగు భారీ ఉల్లిపాయల పక్కన ఒక చిన్నది పెట్టినవాళ్ల కంటే, మధ్యస్థంగా ఉన్నా ఐదూ ఒకే ఆకారం, ఒకే రంగులో పెట్టినవాళ్లే పైకొస్తారు. అందుకే తోటలో ముందు అన్నిటికన్నా పెద్దదాన్ని కాదు, ఒకదానికొకటి సరిపోయేవాటిని వెతకాలి. దారిలో ఒకటి గీసుకుపోయినా జత చెడకుండా ఒకటి రెండు అదనంగా పట్టుకెళ్లాలి.

ఉల్లిపాయలను షోకి కొన్ని వారాల ముందే తవ్వి, నీడలో గాలి ఆడేచోట ఆరబెట్టాలి. వేళ్లను అడుగు దాకా కత్తిరించి, ఎండిన మెడను కిందికి మడిచి రాఫియా నారతో బిగించి కట్టాలి. మెడలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఇక్కడ మెరుగుకోసం పొరలు ఒలుస్తూ పోవడం పెద్ద పొరపాటు. పైన వదులుగా ఉన్న ఒకటి రెండు పొరలు తీస్తే చాలు. ఇంకా ఒలిస్తే ఎండని ఆకుపచ్చ, తెలుపు కండ బయటపడుతుంది, జడ్జి దాన్ని దెబ్బతిన్న కాయ కిందే లెక్కేస్తారు. 250 గ్రాములు, అంతకన్నా తక్కువ అన్న క్లాసులో తూకం వేస్తారు. ఇంట్లో తూచేటప్పుడు కొద్దిగా వెసులుబాటు ఉంచుకోవడం మంచిది. పిక్లింగ్ షాలట్లకు, అంటే ఊరవేసే చిన్న ఉల్లిజాతి గడ్డలకు, కొలత 30 మిల్లీమీటర్లు. జడ్జి చేతిలో ఒక రింగు ఉంటుంది, అందులోంచి ఒక్క గడ్డ దూరకపోయినా ఆ డిష్ మొత్తం పోయినట్టే. షాలట్లు విడివిడి గడ్డలుగా ఉండాలి, గుత్తిగా పెట్టకూడదు. పళ్లెంలో పొడి ఇసుక పోసి అందులో నిలబెడితే దొర్లవు.

బంగాళదుంపలను పీచుతో రుద్దితే తోలు లేచిపోతుంది. బాగా నీళ్లు పోస్తూ మెత్తని స్పాంజితో కడిగి, బల్ల మీద పెట్టేదాకా వెలుతురు తగలకుండా గుడ్డలో చుట్టి ఉంచాలి. లేకపోతే పచ్చబడతాయి. కళ్లు తక్కువగా, లోతు లేకుండా ఉన్నవే ఏరుకోవాలి. క్యారెట్ పీకే ముందు మడిని బాగా తడపాలి, లేకపోతే సన్నటి కొసవేరు తెగిపోతుంది. కడిగేటప్పుడు స్పాంజిని పొడవునా లాగకుండా దుంప చుట్టూ తిప్పాలి. నిలువు గీతలు బల్ల మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆకును 75 మిల్లీమీటర్ల దగ్గర కోసి కట్టాలి. బీట్‌రూట్‌కు కూడా అంతే, దాని తోకవేరు తెంచకూడదు.

రన్నర్ బీన్స్‌ను కత్తెరతో తొడిమతో సహా కోసి, తడిగుడ్డలో తిన్నగా పరిచి చుట్టి ఉంచితే కొద్దిపాటి వంకర సర్దుకుంటుంది. జడ్జి ఒకదాన్ని విరిచి చూస్తారు. ఫట్‌మని విరగాలి, పీచు కనబడకూడదు. పైకి గింజలు ఉబ్బి కనిపించే కాయ ముదిరినట్టే. బఠాణీ కాయలను తొడిమ పట్టుకునే కోయాలి. కాయను వేళ్లతో పట్టుకుంటే దాని మీదున్న తెల్లటి పూత చెరిగిపోతుంది, అది మళ్లీ రాదు. ప్లమ్స్, ద్రాక్షల సంగతీ అంతే. ఆపిల్‌ను గుడ్డతో తుడిచి మెరిపించడం కూడా ఇలాంటి పొరపాటే. టమాటాలకు ముచ్చిక పచ్చగా, తాజాగా ఉండాలి, ముచ్చిక పైకి పెట్టి అమర్చాలి. చిన్న టమాటాల క్లాసులో వ్యాసం 35 మిల్లీమీటర్లు దాటకూడదు.

పూలలో డాలియాలు పెట్టేవాళ్లకు స్కేలు తప్పనిసరి. చిన్న డెకరేటివ్, కాక్టస్ రకాలు 115 నుంచి 170 మిల్లీమీటర్ల మధ్య, మధ్యరకం 170 నుంచి 220 మధ్య ఉండాలి. చిన్న బంతిలా ఉండే పాంపన్ రకం 52 మిల్లీమీటర్లు దాటకూడదు. పాంపన్లకు కూడా రింగు వేసి చూస్తారు. ముందురోజు సాయంత్రం కోసి రాత్రంతా లోతైన నీళ్లలో చల్లటిచోట ఉంచితే పువ్వు నిలబడుతుంది. వెనక వరస రేకులు వాడాయేమో తిప్పి చూడండి, జడ్జి మొదట చూసేది అక్కడే. వేజులు షో వాళ్లే ఇస్తారా, మనమే తెచ్చుకోవాలా అన్నది షెడ్యూలులో ఉంటుంది. పూల అలంకరణలో కొలతలు ఇంకా కఠినం. 'పెటీట్' అంటే ఎత్తు, వెడల్పు, లోతు ఏదీ 25 సెంటీమీటర్లు దాటకూడదు, 'మినియేచర్' అయితే 10. ఒక రెమ్మ అంగుళం బయటికి వచ్చినా తీసేస్తారు. కాబట్టి ఇంట్లోనే అట్టపెట్టె లోపల పెట్టి అమర్చుకోవడం మేలు. పూలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్‌ను రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన షోలలో 2021 నుంచి నిషేధించింది. పల్లె షోలకు ఎవరి నియమం వారిది. కానీ కోళ్ల గూళ్లకు వాడే తీగ వలను నలిపి వాడటం నేర్చుకుంటే ఎక్కడైనా ఇబ్బంది ఉండదు.

జామ్, చట్నీల బల్ల దగ్గర తీర్పు వెనక ఉమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే మహిళా సంఘం అలవాట్లు ఉంటాయి. బ్రిటన్‌లో ఆ సంఘం 1915లో వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపంలో మొదలైంది, ఇంటి నిల్వల విషయంలో దాని మాటకు ఇప్పటికీ బరువుంది. సీసా రంగులేని గాజుదై ఉండాలి, దాని మీద గానీ మూత మీద గానీ కంపెనీ పేరు ఉండకూడదు. మూత కొత్తది వాడాలి. తిప్పే మూత పెట్టినా, లేక మైనం పూసిన కాగితపు బిళ్ల, సెలోఫేన్ కాగితం పెట్టినా ఫర్వాలేదు, రెండూ కలిపి పెట్టకూడదు. మైనపు బిళ్లను జామ్ బాగా వేడిగా ఉన్నప్పుడే వేయాలి, సెలోఫేన్‌ను అప్పుడే వేడిమీద గానీ పూర్తిగా చల్లారాక గానీ కట్టాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు మూస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. జామ్ చల్లారాక కుంగుతుంది కాబట్టి అంచు దాకా నింపాలి. పాకం 104.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడే దశకు వస్తుంది. స్ట్రాబెర్రీ జామ్‌ను దించగానే పోస్తే ముక్కలన్నీ పైకి తేలతాయి. పది పదిహేను నిమిషాలు ఆగి, ఒకసారి కలిపి పోయాలి. లేబుల్ మీద పదార్థం పేరు, తయారుచేసిన తేదీ నెల సంవత్సరంతో సహా రాసి, సీసా అతుకుల మధ్య తిన్నగా అంటించాలి.

చట్నీ అంటే ఇక్కడ వెనిగర్, పంచదార వేసి ఉడికించిన పదార్థం. రెండు నెలలైనా ఊరితేగానీ వెనిగర్ ఘాటు తగ్గదు, అంటే సెప్టెంబరు షోకి జూన్, జులైలోనే చేసిపెట్టుకోవాలి. లోపల ప్లాస్టిక్ పూత లేని ఇనుప మూతను వెనిగర్ తినేస్తుంది. మన ఆవకాయను చట్నీ క్లాసులో పెడితే నెగ్గదు, అది నూనె పచ్చడి. 'ఇతర నిల్వ పదార్థం' లాంటి క్లాసు ఉంటే అక్కడ పెట్టి, లేబుల్ మీద మామిడికాయ, ఆవపిండి, నూనె అని రాస్తే జడ్జికి ఏం రుచి చూస్తున్నారో తెలుస్తుంది.

విక్టోరియా శాండ్‌విచ్ కేకులో గుడ్లను పెంకుతో తూచి, అదే బరువు వెన్న, పంచదార, పిండి తీసుకుంటారు. మధ్యలో రాస్ప్‌బెర్రీ జామ్ మాత్రమే, క్రీమ్ వద్దు. పైన సన్న పంచదార చల్లాలి, ఐసింగ్ పొడి కాదు. పైభాగం మీద వైరు రాక్ గీతలు పడితే మార్కులు పోతాయి, రాక్ మీద శుభ్రమైన గుడ్డ పరిచి చల్లార్చాలి. ఒవెన్ మరీ వేడెక్కితే నడిమి ఉబ్బి పగులుతుంది. కోడిగుడ్ల క్లాసు ఉంటే అందులో ఒకటి పగలగొట్టి సాసర్లో పోసి చూస్తారు, అందుకే ఆ వారం పెట్టినవే తేవాలి.

హస్తకళల్లో షోలు వెనకబడతాయి. అల్లిన స్వెటరు, చెక్కగిన్నె, కుట్టిన దిండుగలీబు ఒకే 'ఏదైనా హస్తకళ' క్లాసులో పడితే, వాటిని పోల్చడానికి జడ్జి దగ్గర కొలత ఉండదు. అల్లిక, కుట్టు, చెక్కపని విడివిడి క్లాసులుగా ఉన్న షోనే ఎంచుకోండి. పెట్టేవాళ్లు మాత్రం ముగింపు పని మీద శ్రద్ధ పెట్టాలి. జడ్జి వస్తువును తిప్పి వెనకవైపు చూస్తారు. దారపు కొసలు లోపలికి దోపి ఉన్నాయా, గుండీలు బిగువుగా ఉన్నాయా, స్వెటరును తడిపి కొలతకు ఆరబెట్టారా అన్నవి అక్కడే తెలుస్తాయి. కిట్‌తో చేసినవి అనుమతిస్తారో లేదో, ఇదివరకు ఇదే షోలో పెట్టినవి మళ్లీ పెట్టొచ్చో లేదో ముందే చదవాలి.

షో ఉదయం ఏర్పాట్లు చాలాచోట్ల బాగుంటాయి. స్టీవార్డులు, అంటే షో సహాయకులు, బల్ల చూపిస్తారు, కార్డు బోర్లా పెట్టమని గుర్తుచేస్తారు, పేరు జడ్జికి కనబడకూడదు కదా. చివరి అరగంటలో మాత్రం తోపులాట, బల్ల మీద చోటు దొరకదు. తలుపులు తీయగానే వెళ్లడం మంచిది. సమయం అయిపోగానే అందరినీ బయటికి పంపేస్తారు, ఆ తర్వాత ఒక టమాటా సర్దడానికి కూడా ఒప్పుకోరు. ఆ నియమం సరైనదే.

షోల మధ్య అసలు తేడా తీర్పు తర్వాత బయటపడుతుంది. కార్డు మీద 'ఒకటి పెద్దది', 'మూత కింద చెమ్మ' అని రెండు మాటలు రాయించే షోకి మళ్లీ వెళ్లొచ్చు, వచ్చే ఏడు ఏం మార్చాలో ఆ రెండు మాటలే చెబుతాయి. మొదటి, రెండు, మూడు స్టిక్కర్లు అంటించి వదిలేసే షోలో ఆ ప్రయోజనం సగం పోతుంది. అలాంటిచోట హాలు తెరవగానే గెలిచిన డిష్‌ను, మనదాన్ని ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. తీర్పు మీద అభ్యంతరం ఉంటే షెడ్యూలులో ఇచ్చిన గడువులోగా రాసి ఇవ్వాలి, కొన్నిచోట్ల దానికి డిపాజిట్ కట్టించుకుంటారు. వస్తువులు తీసుకెళ్లే సమయం కూడా ఖచ్చితంగా పాటిస్తారు. ఆ వేళకు రాకపోతే కూరగాయలు వేలంలో పోతాయి, కాబట్టి విత్తనానికి ఉంచుకోదలచిన షాలట్లుంటే ముందుగానే స్టీవార్డుకు చెప్పి పెట్టండి.