గోస్తనీ నదిని చదవడానికి టోపోషీట్లు: ఒక సమీక్ష

అనంతగిరి కొండల్లో పుట్టి భీమునిపట్నం (భీమిలి) వద్ద బంగాళాఖాతంలో కలిసే గోస్తనీ నది నడకను అర్థం చేసుకోవాలనుకునేవారికి, ఫోనులో కనిపించే ఉపగ్రహ చిత్రం కంటే నేల ఎత్తుపల్లాలను, వాగులను చూపే సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటాలు, అంటే టోపోషీట్లే ఎక్కువ ఉపయోగపడతాయని నా అభిప్రాయం. 2005 నాటి జాతీయ పటాల విధానం ప్రకారం ప్రజల వాడకం కోసం వచ్చిన ఓపెన్ సిరీస్ పటాలివి. పీడీఎఫ్ రూపంలో ఇంటర్నెట్‌లో లభిస్తాయి. ఒక్కో షీటు 15 నిమిషాల అక్షాంశ రేఖాంశాల మేరకే ఉంటుంది కనుక ఇంత చిన్న నదికి కూడా ఒక షీటు చాలదు. బొర్రా ఒకదానిలో, తాటిపూడి వేరొకదానిలో, భీమిలి ఇంకొకదానిలో వస్తాయి.

ఈ పటాల సత్తా అంతా ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమరంగు కాంటూరు గీతల్లో ఉంది. గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండగా, తాటిపూడి జలాశయం పూర్తి నీటిమట్టం 297 అడుగులు, అంటే దాదాపు 90 మీటర్లు. తిన్నగా కొలిస్తే 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఈ దూరంలోనే నది 30 గీతలు దిగిపోతుంది. అక్కడి నుంచి భీమిలి వరకు, దాదాపు రెట్టింపు దూరంలో, దిగేది నాలుగైదు గీతలే. కొండ విడిచి మైదానంలో పడే ఆ మలుపు దగ్గరే జలాశయాన్ని ఎందుకు కట్టారో, విశాఖకు తాగునీరు అక్కడి నుంచి ఎలా అందుతోందో వేరే చెప్పనక్కరలేదు. గెడ్డను (వాగును) దాటే ప్రతిచోటా కాంటూరు గీత బాణం మొనలా ఎగువకు వంగుతుంది. ఆ మొనలను ఒక్కొక్కటిగా పట్టుకుని పైకి వెళ్తే నీళ్లు విడిపోయే గట్టు చేతికి చిక్కుతుంది. గట్టుకు అవతల, పాడేరు మన్యం వైపు కురిసిన వాన మాచ్‌ఖండ్, సీలేరు, శబరి మీదుగా గోదావరి చేరుతుంది. ఇవతల కురిసినది మాత్రం పక్కనే ఉన్న సముద్రంలోకి దిగుతుంది.

అయితే ఈ స్కేలుకు అందనివీ ఉన్నాయి. సున్నపురాయిని కరిగించి నీరు తొలిచిన బొర్రా గుహల లోపలి ఆకారం గురించి పైనేల ఎత్తులు చూపే గీతలు ఏమీ చెప్పలేవు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో వాన కోసిన సన్నని గండ్లలో చాలావరకు రెండు గీతల నడుమే కనుమరుగవుతాయి. ఇసుక మేటలు కదిలే నది మొగ విషయంలో ఏ పటమైనా సర్వే జరిగిన నాటి రూపాన్నే చూపుతుంది కనుక, ఆ ఒక్కచోట ఉపగ్రహ చిత్రాన్ని పక్కన పెట్టుకోవడం మంచిది.

భూగోళం చెప్పే ఉపాధ్యాయులకు, కొండదారుల్లో నడిచేవారికి వీటిని నిస్సంకోచంగా సూచిస్తాను. ప్రింటు మాత్రం అసలు పరిమాణంలోనే తీయించుకోవాలి. చిన్న కాగితంలోకి కుదిస్తే, ఒక సెంటీమీటరుకు 500 మీటర్లన్న లెక్క తప్పి, స్కేలుబద్దతో కొలిచిన దూరాలేవీ నిలవవు.