నమీబియా చీతాలు vs ఇరాన్ చీతాలు: ఎవరి పరిస్థితి ఘోరం?
నమీబియాలో చీతాలు ఎక్కువగా ఉండేది నేషనల్ పార్కుల్లో కాదు, ప్రైవేటు పశువుల ఫామ్స్‌లో. పార్కుల్లో సింహాలు, హైనాలు వాటి వేట లాక్కుంటాయి, పిల్లల్ని చంపేస్తాయి, అందుకని ఫామ్స్ వైపే ఉంటాయి. కానీ అక్కడ మేకల్ని, దూడల్ని తినేస్తున్నాయని రైతులు తుపాకీ తీస్తారు, 1980ల్లో అయితే ఏటా వందల్లో చంపేశారు. 1990లో లారీ మార్కర్ అనే ఆవిడ అక్కడ చీతా కన్జర్వేషన్ ఫండ్ పెట్టి, తర్వాత రైతులకి పెద్ద కాపలా కుక్కల్ని ఇవ్వడం మొదలెట్టారు, కుక్క మొరిగితే చీతా వెనక్కి తగ్గుతుంది, రైతుకి కాల్చే పని తప్పుతుంది. సింపుల్ ఐడియా, కానీ బాగా పనిచేసింది.

ఇరాన్‌లో సీన్ రివర్స్. అక్కడ గొర్రెల కాపరుల కుక్కలే చీతాల్ని చంపుతున్నాయి! తురాన్ లాంటి ఎడారి ప్రాంతాల్లో ఆసియా చీతాలు కొన్నే మిగిలాయి, ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. జింకలు తగ్గిపోయాయి, పైగా టెహ్రాన్-మషద్ హైవే వాటి దారికి అడ్డంగా ఉంది, రోడ్డు దాటుతూ బళ్ళ కింద పడి చచ్చిపోతున్నాయి. 2018లో చీతాల కోసం కెమెరాలు పెట్టిన వాళ్ళనే గూఢచారులని జైల్లో వేశారు, ఇంక వాటిని ఎవరు చూస్తారండీ?

నన్నడిగితే ఇరాన్‌దే ఘోరం. నమీబియాలో రైతుని ఒప్పిస్తే చాలావరకు పనవుతుంది, ఇరాన్‌లో అయితే ఒక ఆడ చీతా రోడ్డు మీద పోయినా పెద్ద దెబ్బే. మధ్యప్రదేశ్‌లోని మన కూనో నేషనల్ పార్కుకి 2022లో ముందు వచ్చిన 8 కూడా నమీబియావే, ఇరాన్‌ని అడిగితే ఇవ్వలేదు మరి.